ప్రపంచ పటాన్ని 0–360కి మారిస్తే అడ్డంగా గీతలు వస్తున్నాయి, ఎలా తీసెయ్యాలి?

పాలమూరు భూగోళం | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు భూగోళశాస్త్రం చెప్తాను. వానాకాలం సాగు మొదలయ్యేలోపు రైతులతో ఒక సదస్సు ఉంది. ఎక్కడో పసిఫిక్‌లో నీళ్ళు వేడెక్కితే మన పత్తికీ, కందికీ ఎందుకు గండం వస్తుందో అక్కడ ఒకే పటంలో చూపించాలనుకుంటున్నాను.

మామూలు ప్రపంచ పటంలో పసిఫిక్ రెండు ముక్కలవుతుంది. సగం కుడి అంచున, సగం ఎడమ అంచున పడుతుంది. ఎల్‌నినోను కొలిచే నినో 3.4 ప్రాంతం 170 పశ్చిమం నుంచి 120 పశ్చిమం దాకా ఉంటుంది కాబట్టి అది ఎడమ చివరకు పోతుంది, మన దేశం కుడివైపు ఉంటుంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని రైతుకు చెప్పడం కష్టం. అందుకే పటం రేఖాంశాలను −180 నుంచి 180 బదులు 0 నుంచి 360కి మార్చాను. సముద్ర ఉష్ణోగ్రతల ఫైల్ ఈఆర్‌ఎస్‌ఎస్‌టీ అనే గళ్ళ (గ్రిడ్) డేటాది, అది ముందే 0, 2, 4 అంటూ 358 దాకా ఉంది. దేశాల సరిహద్దులు నేచురల్ ఎర్త్ అనే ఉచిత పటాల డేటావి, అవి −180 నుంచి 180. పైథాన్‌లో, రేఖాంశం మైనస్ ఉన్న ప్రతి బిందువుకూ 360 కలిపాను.

గీస్తే ఇంగ్లండ్ నుంచి, అల్జీరియా నుంచి, ఘనా నుంచి పటం ఈ చివర నుంచి ఆ చివర దాకా అడ్డగీతలు వచ్చాయి. దేశాలకు రంగు నింపితే ఆఫ్రికా అక్షాంశాల పొడవునా పసిఫిక్ మీదుగా రంగు బద్దలు పరుచుకుంటున్నాయి. రష్యా తూర్పు కొసన చుకోట్కా మధ్యలో మాత్రం నిలువుగా ఒక గీత ఉంది. కుడి అంచున సన్నని తెల్ల పట్టీ కూడా కనిపిస్తోంది. ఎక్కడ సరిచేయాలి?

జడ్చర్ల జంక్షన్ | సోమవారం, రాత్రి 9:32

మేడం, సరిహద్దు గీత మందం సున్నా పెట్టేస్తే? గీతలు కనపడవు కదా.

పాలమూరు భూగోళం | సోమవారం, రాత్రి 9:41

పెట్టి చూశాను తమ్ముడూ. గీతలు పోయాయి గానీ రంగు బద్దలు అలాగే ఉన్నాయి. పైగా దేశాల హద్దులు కూడా పోయాయి.

సూర్యాపేట వెబ్ | సోమవారం, రాత్రి 9:58

నాది ఇదే సమస్య, కాకపోతే తిరగేసి. నా దగ్గర 0–360లో ఉన్న తుఫాను దారులు ఉన్నాయి, వాటిని −180 నుంచి 180కి మార్చి వెబ్ పేజీలో చూపించాలి. ఫిజీ దగ్గర దారి పటం మొత్తం దాటి అవతలి అంచుకు గీత లాగుతోంది. ఈ థ్రెడ్‌లోనే అడగొచ్చా?

నల్లగొండ నక్ష | సోమవారం, రాత్రి 11:05

అడగొచ్చు తమ్ముడూ, మూలం ఒక్కటే. ముందు మేడం సంగతి చూద్దాం.

మేడం, మీ ఫైళ్ళలో తప్పేమీ లేదు. గీసే ప్రోగ్రాంకు భూమి గుండ్రంగా ఉంటుందన్న సంగతి తెలియదు. దానికి మనం ఇచ్చేది వరసగా కొన్ని బిందువులు. అది ఒకదాని నుంచి ఇంకోదానికి గీత లాక్కుంటూ పోతుంది, అంతే. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఒక బిందువు 0.5 దగ్గర, దాని పక్కది −0.5 దగ్గర ఉందనుకోండి. రెంటి మధ్య ఒక్క డిగ్రీ. మీరు 360 కలిపాక రెండోది 359.5 అయింది. ఇప్పుడు ప్రోగ్రాం 0.5 నుంచి 359.5 దాకా గీత లాగుతుంది. మీకు కనిపిస్తున్న అడ్డగీత అదే.

గ్రీనిచ్ రేఖ బ్రిటన్, ఫ్రాన్స్, స్పెయిన్, అల్జీరియా, మాలి, బుర్కినా ఫాసో, టోగో, ఘనాల మీదుగా పోతుంది. చివర్న అంటార్కిటికా. మీ గీతలన్నీ సరిగ్గా వీటి నుంచే బయల్దేరుతుండాలి. ఒకసారి చూసుకోండి.

చుకోట్కా గీత వేరే రకం. నేచురల్ ఎర్త్ వాళ్ళు రష్యాను 180 దగ్గర ముందే రెండు పాలిగన్లుగా (మూసిన హద్దు ఉన్న ఆకారాలుగా) కోసి పెట్టారు, మామూలు పటంలో గీత రాకూడదని. మీరు పటాన్ని తిప్పేసరికి ఆ రెండు ముక్కలూ పక్కపక్కకు వచ్చాయి, మధ్యలో పాత కోత కనిపిస్తోంది. అంటే ఉండాల్సిన చోట, 0 దగ్గర, కోత లేదు. అక్కర్లేని 180 దగ్గర ఉంది.

మన దగ్గర చాలామందికి ఈ తలనొప్పి పరిచయం ఉండదు. నల్లగొండ దాదాపు 79 తూర్పు, మహబూబ్‌నగర్ 78 తూర్పు. రెండు పద్ధతుల్లోనూ అవే అంకెలు. జీవితమంతా జిల్లా పటాలు, రాష్ట్ర పటాలు చేసుకున్నా ఇది ఎదురుకాదు. ప్రపంచ పటం ముట్టుకున్న రోజే బయటపడుతుంది.

కాబట్టి బిందువుల అంకెలు మార్చినంత మాత్రాన పాలిగన్ మారదు. ముందు కొత్త అంచు దగ్గర కోయాలి, తర్వాత ఒక ముక్కను మొత్తంగా జరపాలి, ఆ తర్వాత పాత కోతను కలపాలి. ఈ వరస తప్పితే గీతలు వస్తూనే ఉంటాయి.

దేవరకొండ సార్ | మంగళవారం, ఉదయం 6:20

నక్ష గారు చెప్పింది పిల్లలకు అర్థం కావాలంటే లుంగీ చూపించండి మేడం. గొట్టంలా కుట్టిన లుంగీని పరచాలంటే ఎక్కడో ఒకచోట విప్పాలి. కుట్టు దగ్గర కాకుండా వేరే చోట విప్పాలనుకుంటే కొత్త చోట కత్తెర పెట్టాలి, పాత చోట కుట్టు ఉంచాలి. మీరు కత్తెర పెట్టకుండానే బట్టను పక్కకు గుంజారు.

180 డిగ్రీల రేఖనూ, అంతర్జాతీయ దినరేఖనూ ఒకటి చెయ్యకండి, సదస్సులో ఎవరో ఒకరు అడుగుతారు. 180 రేఖ నిటారుగా పోతుంది, ఫిజీలో తావెయూని దీవి మీదుగా కూడా వెళ్తుంది. దినరేఖ మాత్రం దేశాలను బట్టి వంకరలు తిరుగుతుంది. కిరిబాటి 1995 మొదట్లో తన తూర్పు దీవులను కూడా ఇవతలి తేదీలోకి తెచ్చుకుంది కాబట్టి అక్కడ అది తూర్పుకు బాగా పొడుచుకొచ్చింది. పటం కోతకు లెక్కలోకి వచ్చేది 180 రేఖే.

పాలమూరు భూగోళం | మంగళవారం, ఉదయం 8:15

నక్ష గారూ, చూశాను, మీరు చెప్పిన దేశాల నుంచే గీతలు వస్తున్నాయి. ఎక్కడ కోయాలి, ఎట్లా కోయాలి అన్నది కొంచెం విడమరిచి చెప్తారా? సార్, లుంగీ ఉదాహరణ నేరుగా క్లాసుకు తీసుకుపోతున్నాను.

నల్లగొండ నక్ష | మంగళవారం, మధ్యాహ్నం 1:40

మేడం, 0 దగ్గర అసలు కోయకండి. అక్కడ కోస్తే గీతలు పోతాయి గానీ ఆఫ్రికా, ఐరోపా రెండుగా చీలి, సగం ఎడమ అంచున, సగం కుడి అంచున పడతాయి. ఘనా రైతు బాధ మన రైతుకు చూపించాలన్నా ఆ దేశం ముక్కలై ఉంటుంది.

అట్లాంటిక్ మధ్యలో 30 పశ్చిమం దగ్గర కోయండి. ఆ రేఖ మీద పెద్ద భూభాగాల్లో గ్రీన్‌లాండ్, అంటార్కిటికా తప్ప ఇంకేమీ తగలవు. బ్రెజిల్ తూర్పు కొస దాదాపు 35 పశ్చిమం దగ్గరే ఆగుతుంది, ఐస్‌లాండ్ అంతా 25కి ఇవతలే. అప్పుడు మీ పటం −30 నుంచి 330 దాకా ఉంటుంది, మధ్యలో 150 తూర్పు వస్తుంది. ఆఫ్రికా ఎడమవైపు నిండుగా, దాని పక్కన మనం, నడుమ నుంచి కుడికి పసిఫిక్ మొత్తం, చివరన అమెరికాలు. నినో 3.4 పెట్టె 190 నుంచి 240 మధ్య పడుతుంది. మీకు కావాల్సింది ఇదే.

చేసే పద్ధతి: జియోపాండాస్‌లో (పైథాన్‌లో పటాల పనిముట్టు) రెండు పెట్టెలు తయారు చేసుకోండి. ఒకటి −180 నుంచి −30, రెండోది −30 నుంచి 180. అక్షాంశం రెంటికీ −90 నుంచి 90. దేశాల లేయర్‌ను ఒక్కో పెట్టెతో క్లిప్ చేస్తే (పెట్టెలో పడిన భాగమే ఉంచితే) రెండు లేయర్లు వస్తాయి. మొదటి లేయర్‌ను ట్రాన్స్‌లేట్‌తో మొత్తంగా 360 కుడికి జరపండి. రెండోదాన్ని ముట్టుకోవద్దు. ఇప్పుడు రెంటినీ ఒకటి చేసి, దేశం పేరు మీద డిజాల్వ్ చేయండి, అంటే ఒకే దేశం ముక్కలను కలిపెయ్యండి. రష్యా ముక్కలు 180 దగ్గర కలిసిపోతాయి, చుకోట్కా గీత పోతుంది. ఫిజీ కూడా అంతే.

ఒక్కటి గుర్తుంచుకోండి. జరిపేటప్పుడు “మైనస్ ఉంటే 360 కలుపు” లాంటి షరతు గానీ, 360తో భాగించి శేషం తీసుకోవడం గానీ పెట్టకండి. మొత్తం ముక్కకు ఒకేలా కలపండి. మీరు 0 దగ్గర కోసి షరతు పెట్టారనుకోండి, పడమటి ముక్కలో కోత మీదున్న బిందువులు సరిగ్గా 0 మీద ఉంటాయి. 0 మైనస్ కాదు కాబట్టి అవి అక్కడే ఉండిపోతాయి, మిగతావి 359, 358 దగ్గరకు పోతాయి. కోసినా మళ్ళీ గీతే వస్తుంది. కోశాం కదా, ఇంకా ఎందుకు పోలేదని చాలామంది తల పట్టుకునేది ఇక్కడే.

సూర్యాపేట వెబ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:25

అన్నా, నాకూ ఇలాంటిదే వస్తోంది. దేశాల పాలిగన్లు ముందే −180 నుంచి 180లో ఉన్నాయి. అయినా అన్నీ ఒకే తీరుగా ఉండాలని (రేఖాంశం + 180) % 360 − 180 సూత్రం వాటి మీద కూడా నడిపించాను. బాగున్న రష్యా, ఫిజీ, అంటార్కిటికా నుంచి కొత్తగా గీతలు మొదలయ్యాయి. మిగతా దేశాలన్నీ శుభ్రంగా ఉన్నాయి.

నల్లగొండ నక్ష | మంగళవారం, మధ్యాహ్నం 2:50

ఆ సూత్రంలో 180 పెట్టి చూడు తమ్ముడూ. 360 అవుతుంది, 360తో భాగిస్తే శేషం 0, అందులోంచి 180 తీస్తే −180. అంటే తూర్పు ముక్కల్లో సరిగ్గా 180 మీదున్న బిందువులన్నీ ఎగిరి −180కి పోయాయి. నేచురల్ ఎర్త్‌లో 180 కోత తగిలిన ప్రతిచోటా అలాంటి బిందువులు ఉంటాయి. రష్యా ప్రధాన భూభాగంలో 65 నుంచి 69 ఉత్తర అక్షాంశాల మధ్య, ఫిజీలో 16, 17 దక్షిణం దగ్గర, అంటార్కిటికాలో అంచు పొడవునా. ముందే సరైన పరిధిలో ఉన్న పాలిగన్ మీద ఆ సూత్రం నడపనక్కర్లేదు.

ఇంకో మాట, నువ్వు జావాస్క్రిప్ట్‌లో రాస్తున్నావనుకుంటా. అక్కడ −10 % 360 అంటే −10 వస్తుంది. పైథాన్‌లో, ఆర్ భాషలో (అక్కడ గుర్తు %%) 350 వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో, సీలో శేషానికి మొదటి అంకె గుర్తే వస్తుంది. అందుకే అక్కడ ఒకసారి 360 శేషం తీసి, 360 కలిపి, మళ్ళీ శేషం తీసుకోవాలి. నెట్‌లో పైథాన్ సూత్రం చూసి జావాస్క్రిప్ట్‌లోకి దించుకుంటే ఇక్కడ దెబ్బ పడుతుంది.

తుఫాను దారికి డిజాల్వ్‌లు అక్కర్లేదు, అది గీతే కదా. పక్కపక్క బిందువుల రేఖాంశాల తేడా 180 దాటితే అక్కడ దారిని తెంపాలి. ఊరికే తెంపితే అంచు దగ్గర చిన్న ఖాళీ ఉంటుంది. శుభ్రంగా రావాలంటే అంచును ఎక్కడ దాటిందో లెక్కగట్టాలి. ఉదాహరణకు ఒక బిందువు 179 తూర్పు, 16 దక్షిణం. తర్వాతిది 179 పశ్చిమం, 17 దక్షిణం. రెండోదాన్ని తాత్కాలికంగా 181 అనుకో. 180 అన్నది 179కీ 181కీ సరిగ్గా మధ్యలో ఉంది కాబట్టి దాటిన అక్షాంశం 16.5 దక్షిణం. మొదటి ముక్క చివర (180, −16.5), రెండో ముక్క మొదట్లో (−180, −16.5) చేర్చు. రెండు అంచుల్లోనూ దారి ఒకే ఎత్తున ఆగి, ఒకే ఎత్తున మొదలవుతుంది.

వెబ్ పటాల ఫైల్ రూపమైన జియోజేసన్‌గా ఇస్తున్నట్టయితే దాని ప్రమాణం, 2016లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7946, కూడా ఇదే చెప్తుంది: 180 రేఖ దాటే ఆకారాన్ని అక్కడ కోసి, బహుళ ముక్కలుగా ఇవ్వాలి.

అచ్చంపేట అడవి | మంగళవారం, సాయంత్రం 6:30

కోడ్ రాయనివాళ్ళ కోసం చెప్తున్నా. క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదంతా అవుతుంది. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో క్లిప్ బై ఎక్స్‌టెంట్ రెండుసార్లు, పడమటి ముక్క మీద ట్రాన్స్‌లేట్ పెట్టి ఎక్స్‌కు 360, తర్వాత మర్జ్ వెక్టర్ లేయర్స్, చివర దేశం పేరు ఫీల్డ్‌తో డిజాల్వ్. ప్రాజెక్ట్ సీఆర్‌ఎస్ (నిర్దేశాంక పద్ధతి) కూడా 4326లోనే, అంటే మామూలు అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంచండి. వేరేది పెడితే 180 దాటిన భాగం ఎటో పోతుంది.

డిజాల్వ్ చేశాక కూడా చుకోట్కాలో వెంట్రుకంత గీత మిగలొచ్చు. ఒక ముక్క అంచు 180 మీద, ఇంకోటి 179.9999 దగ్గర ఉంటే అవి తాకవు, కాబట్టి కలవవు. డిజాల్వ్‌కు ముందు స్నాప్ జామెట్రీస్ టు లేయర్ అనే పనిముట్టు వాడి కొద్దిపాటి టాలరెన్స్‌తో (ఎంత దూరంలోని అంచులను అతికించాలో చెప్పే అంకె) అతికించండి. లేయర్‌లో జామెట్రీ తప్పులుంటే క్లిప్ మధ్యలో ఆగిపోతుంది, అప్పుడు ముందు ఫిక్స్ జామెట్రీస్ నడపాలి.

వనపర్తి ఆర్ | మంగళవారం, రాత్రి 8:05

ఆర్ వాడేవాళ్ళకు ఇంకా సులువు. ఎస్‌ఎఫ్ ప్యాకేజీలో రెండు ఫంక్షన్లున్నాయి, ఒకటి అనుకుని ఇంకోటి వాడొద్దు. ఎస్‌టీ షిఫ్ట్ లాంజిట్యూడ్ అనేది బిందువుల అంకెలు మాత్రమే మారుస్తుంది, కోయదు. గ్రీనిచ్ మీది దేశాలు దానితో చీలికలు పీలికలవుతాయి. ఎస్‌టీ బ్రేక్ యాంటీమెరిడియన్ కోస్తుంది. దానికి మధ్య రేఖాంశం 150 అని ఇస్తే −30 దగ్గర తానే కోస్తుంది, తర్వాత అదే 150 మధ్యలో ఉన్న ప్రొజెక్షన్‌కు మార్చుకోవాలి. పటాల డేటాబేస్ పోస్ట్‌జీఐఎస్‌లోనూ ఇదే తేడా: ఎస్‌టీ షిఫ్ట్ లాంజిట్యూడ్ అంకెలు మారుస్తుంది, ఎస్‌టీ ర్యాప్‌ఎక్స్ కోసి జరుపుతుంది.

మేడం అడిగిన తెల్ల పట్టీ గురించి ఎవరూ చెప్పలేదు. అది గీత కాదు, ఖాళీ. మీ గ్రిడ్ 358తో ఆగుతుంది, తర్వాతి విలువ 0 దగ్గర ఉంది. 358 నుంచి 360 దాకా నింపడానికి ప్రోగ్రాంకు ఏమీ లేదు. మొదటి నిలువు వరసను కాపీ చేసి చివర చేర్చాలి. పైథాన్ పటాల లైబ్రరీ కార్టోపైలో యాడ్ సైక్లిక్ పాయింట్ చేసేది అదే.

నల్లగొండ నక్ష | మంగళవారం, రాత్రి 9:30

వనపర్తి అన్నది అక్షరాలా నిజం. మేడం, మీ పటం ఇప్పుడు −30 నుంచి మొదలవుతుంది కాబట్టి గ్రిడ్‌ను కూడా దానికి తగ్గట్టు తిప్పాలి. 330, అంతకు మించిన రేఖాంశాల నుంచి 360 తీసెయ్యండి. అప్పుడు వరస 0, 2, … 328, −30, −28, … −2 అని ఉంటుంది. ఇలాగే కాంటూర్ (సమాన ఉష్ణోగ్రతల గీతలు) గీస్తే 328 నుంచి −30కి గెంతు వస్తుంది, పటం అంతా అడ్డంగా పూసినట్టు మరకలు పడతాయి. క్రమంలో పెట్టాలి. పైథాన్‌లోని ఎక్స్‌అరేలో సార్ట్‌బై వాడితే రేఖాంశంతో పాటు దాని డేటా కూడా కదులుతుంది. ఆ తర్వాతే సైక్లిక్ పాయింట్, అది 330 దగ్గర చేరుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దయచేసి శ్రద్ధగా చదవండి. నమ్‌పైలో రేఖాంశాల వరసను మాత్రం విడిగా సార్ట్ చేసి, డేటాను అలాగే వదిలేస్తే గీతలన్నీ మాయమవుతాయి. పటం అద్దంలా కనిపిస్తుంది. కానీ ప్రతి విలువా 30 డిగ్రీలు పక్కకు జరిగి ఉంటుంది. గీతలుంటే తప్పు ఉందని తెలుస్తుంది, ఇందులో ఏ గుర్తూ ఉండదు. అలాంటి పటం రైతుల ముందు పెడితే వేడి నీళ్ళు లేని చోట ఉన్నట్టు చూపించిన వాళ్ళమవుతాం. ఈఆర్‌ఎస్‌ఎస్‌టీలో నేల మీద విలువలు ఖాళీగా ఉంటాయి కాబట్టి సరిచూడటం తేలిక: ఆ ఖాళీల ఆకారం మీద సరిహద్దుల లేయర్ సరిగ్గా కూర్చోవాలి. ఇండియా ఆకారపు ఖాళీ 30 డిగ్రీలు పడమరకు, అరేబియా ద్వీపకల్పం వైపు కనిపిస్తే డేటా కదల్లేదన్నమాట.

ఇంకా నమ్మకం కావాలంటే పాత ఫైల్‌లో 340 దగ్గర ఒక విలువ రాసిపెట్టుకుని, కొత్తదాంట్లో −20 దగ్గర అదే ఉందో లేదో చూడండి. 0 నుంచి 328 మధ్య బిందువు తీసుకుని కూడా ఇదే పరీక్ష చేయండి.

దేవరకొండ సార్ | బుధవారం, ఉదయం 6:45

పటం కుదిరాక రైతులకు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త మేడం. ఎల్‌నినో అంటే కరువు అని ఏకవాక్యంగా చెప్పొద్దు. 2009లో దేశం మొత్తం మీద నైరుతి వర్షాలు సగటులో 78 శాతమే పడ్డాయి, 2015లో 86 శాతం. కానీ 1997లో ఎల్‌నినో ఎంత బలంగా ఉన్నా వర్షాలు సగటుకు తగ్గలేదు. 2009లోనే, అంత లోటు ఏడాదిలో, అక్టోబరు మొదట్లో కృష్ణా, తుంగభద్రలకు వరదొచ్చి అలంపూర్ వైపు ఊళ్ళు మునిగాయి. ఆ సంగతి మన రైతులకు మనకంటే బాగా గుర్తుంటుంది.

హిందూ మహాసముద్రం కూడా చూపించండి. 50–70 తూర్పు పెట్టె ఒకటి, 90–110 తూర్పు పెట్టె ఒకటి గీస్తే అక్కడి ఉష్ణోగ్రతల తేడా కూడా మాట్లాడొచ్చు. మీ కొత్త పటంలో అవీ, నినో పెట్టే ఒక్క చూపులో కనపడతాయి.

పాలమూరు భూగోళం | గురువారం, రాత్రి 10:20

అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. −30 దగ్గర కోసి, జరిపి, డిజాల్వ్ చేశాను. అడ్డగీతలు ఒక్కటీ లేవు. చుకోట్కాలో అచ్చంపేట గారు చెప్పిన వెంట్రుక గీత నిజంగానే మిగిలింది, స్నాప్ చేశాక పోయింది. గ్రిడ్ పరీక్షలు రెండూ సరిపోయాయి. ఇండియా ఆకారపు ఖాళీ, సరిహద్దు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. సార్ చెప్పిన హిందూ మహాసముద్రపు పెట్టెలు రెండూ గీశాను, 1997, 2009, 2015 పక్కపక్కన మూడు పటాలుగా పెడుతున్నాను.

రెండు చిన్న విషయాలు మిగిలాయి. అంటార్కిటికా చుట్టూ సరిహద్దు గీత పటం కింది అంచు వెంబడి, ఇరుపక్కలా లావుగా కనిపిస్తోంది. రెండోది, కింద అంకెలు 210, 240 అని వస్తున్నాయి. రైతులకే కాదు, మా పిల్లలకు కూడా 210 తూర్పు అంటే అర్థం కాదు.

నల్లగొండ నక్ష | గురువారం, రాత్రి 10:55

అంటార్కిటికా పాలిగన్‌ను మూయడానికి దాన్ని −90 దాకా దించి, అంచుల వెంట పైకి తెస్తారు. ఆ గీత తీరం కాదు, మూత. దేశాల పాలిగన్లకు రంగు మాత్రం నింపండి, అంచు గీత తీసెయ్యండి. తీరరేఖల లేయర్ నేచురల్ ఎర్త్‌లో విడిగా దొరుకుతుంది, దాన్ని కూడా అలాగే −30 దగ్గర కోసి జరిపి పైన గీయండి. రైతుల సదస్సుకైతే 60 దక్షిణం దగ్గరే పటం ఆపేసినా నష్టం లేదు, అంటార్కిటికా గొడవే ఉండదు.

అంకెలకు: 180 దాటిన ప్రతిదాన్నీ 360 లోంచి తీసేసి పక్కన “ప” అని రాయించండి, దాటని వాటికి “తూ”. 210 అంటే 150 ప, 240 అంటే 120 ప. ఎడమ అంచున −30 వస్తుంది, దానికి మైనస్ తీసేసి 30 ప. 0కీ 180కీ అక్షరం వద్దు. డేటాను ముట్టుకోకండి, అంకెల లేబుళ్ళు మాత్రమే మార్చండి.

సూర్యాపేట వెబ్ | శుక్రవారం, ఉదయం 9:15

నాదీ అయిపోయింది అన్నా. 2023లో తూర్పు పసిఫిక్‌లో పుట్టి 180 దాటి అవతలికి పోయిన డోరా తుఫాను దారి మీద పరీక్షించాను. రెండు అంచుల్లోనూ ఒకే అక్షాంశం దగ్గర తెగింది. మేడం, మీకు కావాలంటే లేబుళ్ళు మార్చే చిన్న ఫంక్షన్ పైథాన్‌లో రాసి ఇక్కడే పెడతాను, సాయంత్రానికి.

పాలమూరు భూగోళం | శుక్రవారం, ఉదయం 9:40

పెట్టండి తమ్ముడూ. ఫ్లెక్సీ ప్రింటుకు రేపు పొద్దున ఇస్తున్నాను, ఆ లేబుళ్ళతోనే ఇస్తాను.